కత్తెర మాస్టారి తప్పు

అందరికీ నమస్కారం.

వేదిక మీద ఉన్న ప్రిన్సిపాల్ గారికి, ముందు వరుసలో కూర్చున్న మాస్టారి భార్య, మా వదినకి, మాస్టారి అక్కయ్యగారికి, ఆయన దగ్గర పరిశోధన పేపర్ రాయడం నేర్చుకుని పెద్దవాళ్లైన పాత విద్యార్థులకి, నేర్చుకుంటూ సగంలో మిగిలిపోయిన ఈ ఏటి పిల్లలకి నమస్కారం. మైకు దొరికితే ఈ లెక్కల మేడం వదలదని మీలో చాలామంది నా వెనక అనుకుంటారు. నిజమే. కానీ ఇవాళ నోరు పెగలడం లేదు. నా వంతు వచ్చిందని పిలిచినప్పుడు కూడా, లేచి నిలబడి, పక్కన మాస్టారు ఉన్నారేమో అని చూశాను. మీటింగుల్లో మేమిద్దరం పక్కపక్కనే కూర్చునేవాళ్లం.

మొన్న మంగళవారం పొద్దున ఆయన నాతో పోట్లాడారండీ. ఎందుకనుకున్నారు? ఫ్యాన్ గురించి. మా ఇద్దరిదీ ఒకటే గది. నేను ఈ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆ గదిలో ఎండాకాలమైనా సరే ఫ్యాన్ తిరగలేదు. తిరిగితే ఆయన బల్ల మీద కాగితం ముక్కలు ఎగిరిపోతాయి. మంగళవారం ఉక్కబోత భరించలేక నేను స్విచ్ వేశాను. ఆయన లేచి తీసేశారు. మళ్లీ వేశాను. మళ్లీ తీసేశారు. నేను విసుక్కుని క్లాసుకి వెళ్లిపోయాను. వచ్చాక మిగతా పోట్లాట పెట్టుకుందామనుకున్నాను. క్లాసు అయ్యేలోపే ఫోన్ వచ్చింది. మనిషి లేరన్నారు. ఏ మనిషి అని అడిగాను నేను. ఇంకోసారి చెప్పారు. ఇంకోసారి అడిగాను. ఎలా నమ్మమంటారు? పోట్లాట సగంలో వదిలేసి పోయే మనిషి కాదే ఆయన!

మన వీధి చివర జిరాక్స్ షాపు మీకందరికీ తెలుసు. ఆ షాపాయన కూడా ఇవాళ వచ్చాడు, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రావయ్యా, నీది కూడా ఈ దుఃఖమే. మాస్టారు వెళ్లి పెన్ డ్రైవ్ ఇచ్చి, వాక్యాల మధ్య జాగా ఎక్కువ వదిలి ప్రింటు తీయమన్నారట, కత్తెర పెట్టుకోవడానికి వీలుగా. ఈలోపు బెంచీ మీద కూర్చున్నారట. కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారట. కునుకు పట్టిందనుకున్నాడు ఈయన. కాగితాలు రెడీ మాస్టారూ అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. అంతే. అంతే సంగతి. ఇంత పెద్ద మనిషి, ఇంతమందికి చదువు చెప్పిన మనిషి, ఒక బెంచీ మీద, కాగితాల కోసం ఎదురుచూస్తూ.

మిన్ను విరిగి మీద పడ్డట్టయింది. మూడు రోజులుగా అలాగే ఉంది నాకు.

అయ్యా, అమ్మా, సంతాప సభలో పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, కళ్లు తుడుచుకుని కూర్చోవడం పద్ధతి. నేను కూడా అదే చేద్దునేమో. కానీ మాస్టారు పోయిన మర్నాటికే ఈ భవనంలో ఒక మాట పుట్టింది. మెట్ల దగ్గర పుట్టింది, స్టాఫ్ రూముకి పాకింది, క్యాంటీన్ దాకా వెళ్లింది. ఆ మాట నా చెవిన పడింది. పడకూడని చోట, ఆ పిల్ల చెవిన కూడా పడింది. "ఆ అమ్మాయి పేపరే ఆయన్ని చంపింది" అన్నదే ఆ మాట.

ఎవరా అమ్మాయి? మాస్టారి చివరి విద్యార్థిని. ఏం చెప్పినా చెయ్యెత్తుతుందని మాస్టారే 'సందేహం' అని పేరు పెట్టారు. ఆ పేరుతోనే పిలిచేవారు, ఆ పిల్లా ఆ పేరుకే పలికేది. ఆ అమ్మాయి ఒక పేపర్ రాసింది. అందులో, చాలా ఏళ్ల కిందట మాస్టారు రాసిన పేపర్లో ఒక తప్పు ఉందని రాసింది. మాస్టారికి పేరు తెచ్చింది ఆ పాత పేపరే. ఇప్పుడు ఈ కొత్త పేపర్ బయటికి పంపాలా, ఆపాలా? ప్రిన్సిపాల్ గారు మంచి మనసుతోనే, మాస్టారి మీద గౌరవంతోనే, ఒక ఏడాది పక్కన పెడదామన్నారు. ఆ పిల్ల ఇంకో అడుగు ముందుకు వేసింది. నిన్న నా గదికి వచ్చి, ఏడాది కాదు, అసలు వద్దు, చింపేస్తానంది. నిలబడే చెప్పింది, కూర్చోమన్నా కూర్చోలేదు. ఏడవలేదు కూడా. అది చూసే నాకు భయం వేసింది.

కాబట్టి పెద్దలు నన్ను మన్నించాలి. ఈ సంగతి తేలకుండా నేను ఈ మైకు వదలను.

తేలాలంటే మాస్టారు ఎలాంటివారో కొంచెం చెప్పాలి. చాలామందికి తెలుసు, తెలియనివాళ్లు కూడా ఉన్నారు. కత్తెర మాస్టారు అని ఎందుకన్నారు ఆయన్ని? ఏ విద్యార్థి పేపర్ రాసి తెచ్చినా, ముందు చదివేవారు కాదు. కత్తెర ఇచ్చి, ఏ వాక్యానికి ఆ వాక్యం కత్తిరించమనేవారు. కష్టపడి రాసుకుని, అందంగా ప్రింటు తీసి, అట్ట వేసి తెచ్చిన కాగితాన్ని కత్తిరించమంటే ఆ పిల్లల మొహాలు చూడాలి! బల్ల మీద మూడు ట్రేలు ఉండేవి. మొదటిది, నువ్వు స్వయంగా చూసింది. రెండోది, ఇంకొకళ్లు రాయగా నువ్వు చదివింది. మూడోది, నువ్వు అనుకున్నది. ఒక్కొక్క వాక్యం చేతిలోకి తీసుకుని ఒకే ఒక్క ప్రశ్న అడిగేవారు: "నీకెలా తెలుసు?" జవాబును బట్టి ఆ ముక్క ఏదో ఒక ట్రేలోకి వెళ్లేది. ఏ ట్రేలోకీ వెళ్లనిది నేల మీదకి వెళ్లేది.

నేల మీదకి ఎంత వెళ్లేదో మీకు తెలియదు. ఊడ్చే ఆవిడ రోజూ వచ్చి, ఇవాళ ఎవరిది మాస్టారూ అని అడిగేది.

నవ్వు వస్తోంది కదూ? ప్రిన్సిపాల్ గారు కూడా నవ్వుతున్నారు. నవ్వాలి మరి. వీరి మొదటి పేపర్ నాకు బాగా గుర్తుంది. అప్పటికి ఈ హోదా లేదు, ఈ కోటు లేదు, పల్చటి మీసం ఉండేది. పేపర్ మొదలే ఎలా ఉందంటే, 'అనాది కాలం నుంచీ మానవుడు విజ్ఞానం కోసం పరితపిస్తూనే ఉన్నాడు' అని. మాస్టారు ఆ ముక్క చేత్తో పట్టుకుని, నీకెలా తెలుసు నాయనా, అనాది కాలంలో నువ్వు ఉన్నావా అన్నారు. నేల మీదకి. తర్వాతది కూడా నేల మీదకి. మొత్తం పేపర్ కత్తిరించాక మూడు ట్రేల్లో కలిపి మిగిలినవి రెండు ముక్కలు. అందులో ఒకటి వీరి పేరు. మనిషి తెల్లబోయి నిలబడ్డారు. ఇంకొకరైతే ఆ దెబ్బకి చదువు మానేసేవారు. మాస్టారు ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి, భుజం తట్టి ఒక మాట అన్నారు: "ఇది నీది. మిగతాదంతా ఎవరిదో. ఈ ఒక్క వాక్యం నుంచి మొదలుపెట్టు." ప్రిన్సిపాల్ గారూ, ఆ వాక్యం నుంచే కదా మీరు ఈ కుర్చీ దాకా వచ్చారు?

తల ఊపుతున్నారు. సంతోషం.

మనమంతా అనుకునేవాళ్లం, ఈయనది చాదస్తం అని. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నేనే ఎన్నిసార్లు అన్నానో మొహం మీదే. పక్క డిపార్టుమెంట్లలో పిల్లలు ఏడాదికి మూడేసి పేపర్లు అచ్చు వేయించుకునేవారు. మాస్టారి పిల్లలు ఇంకా ముక్కలు ఏరుకుంటూ ఉండేవారు. అయినా ఒక్కరూ ఆయన్ని వదిలిపోలేదు. ఎందుకు పోలేదు? ఆయన తిట్టేవారు కాదు. తిట్టడం నాకు వదిలేసేవారు. ఆయన అడిగేవారు, అంతే. అడిగి, జవాబు వచ్చేదాకా ఆగేవారు. అంత ఓపిగ్గా ఆగే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది చాలా అవసరం. మనం పేపర్ చివర, ఏయే పుస్తకాలు చదివి రాశామో వాటి పేర్లు వేస్తాం. మనకి ఒక జబ్బు ఉంది. చదవని పుస్తకాల పేర్లు కూడా వేస్తాం. ఎలాగంటే, ఒకాయన ఎప్పుడో ఒక పుస్తకం చదివి తన పేపర్లో ఒక మాట రాస్తాడు. నేను ఆయన పేపర్ చదువుతాను. అసలు పుస్తకం చూడను. కానీ ఆ పుస్తకం పేరు నా పేపర్ చివర దర్జాగా వేసుకుంటాను. నన్ను చూసి నా తర్వాతవాడు వేసుకుంటాడు. గొర్రెదాటు వ్యవహారం. ముందు గొర్రె దేన్ని చూసి దూకిందో వెనక గొర్రెకి అక్కర్లేదు.

మాస్టారికి ఇది పరమ అసహ్యం. ఒకసారి ఒక కుర్రాడు పేపర్ చివర బోలెడు పుస్తకాల పేర్లు రాసి తెచ్చాడు. ఇవన్నీ చదివావా అని మాస్టారు అడిగారు. చూశాను సార్ అన్నాడు వాడు. "చూశావా? ఎలా ఉన్నాయి, కులాసాగా ఉన్నాయా?" అన్నారు మాస్టారు. గది గదంతా నవ్వింది. నవ్వు ఆగాక, మెల్లగా చెప్పారు ఆ కుర్రాడికి. చదవని పుస్తకం పేరు రాయడమంటే, చూడని మనిషి తరఫున సాక్ష్యం చెప్పడం. నువ్వు చెప్పిన సాక్ష్యాన్ని నమ్మి ఎవరో ఎక్కడో ఏదో చేస్తారు. ఆ పని ఎలా తేలిందో నీకు ఎప్పటికీ తెలియదు. ఇదీ ఆయన చెప్పింది. ఆ కుర్రాడు వాటిలో ఉన్న ప్రతి పుస్తకాన్నీ వెతుక్కుని చదివాకే మళ్లీ ఆ గదిలో అడుగుపెట్టాడు.

ఇంత గట్టిగా చెప్పిన మనిషి. ఇన్నేళ్లు చెప్పిన మనిషి.

ఇక అసలు సంగతికి వస్తాను. వదినా, నువ్వు చెప్పమన్నావు కాబట్టే చెబుతున్నాను.

మాస్టారికి పేరు తెచ్చిన పేపర్ దేని మీదో తెలుసు కదా? బడిలో బోర్డు మీద అక్షరం ఎంత ఎత్తుండాలి, చివరి బెంచీ బోర్డుకి ఎంత దూరంలో ఉండవచ్చు అన్నదాని మీద. మాస్టారు అప్పట్లో టేపు పట్టుకుని బడి బడికీ తిరిగారు. గదుల పొడవు కొలిచారు, కిటికీల వెలుతురు కొలిచారు. ఒకే ఒక్క అంకె మాత్రం ఆయన కొలవలేదు. ఇంత దూరం నుంచి ఇంత ఎత్తు అక్షరం కంటికి ఆనుతుందన్న అంకె. అది ఎవరో రాసిన పేపర్లోంచి తీసుకున్నారు. ఆ ఎవరో ఒక పాత పుస్తకంలోంచి తీసుకున్నాడు. మాస్టారు తన పేపర్ చివర ఆ పాత పుస్తకం పేరు వేశారు. పుస్తకం చూడలేదు. కుర్రతనం, తొందర, ఊళ్లో ఆ పుస్తకం దొరకదు. ఏదైతేనేం, చూడలేదు.

ఆ పేపర్లో ఉన్న కొలత పట్టుకునే ఎన్ని తరగతి గదులు కట్టారో లెక్కలేదు.

సందేహం ఏం చేసింది? మాస్టారు చెప్పిందే చేసింది. తన పేపర్లో మాస్టారి అంకె వాడాలనుకుంది. వాడాలంటే అసలు పుస్తకం చదవాలి కదా, మాస్టారి ఆజ్ఞ కదా. ఊరూరా లైబ్రరీలకి రాసింది. ఎవరెవరినో బతిమాలింది. చివరికి ఎక్కడి నుంచో ఆ పేజీలు తెప్పించుకుంది. చదివింది. ఆ పుస్తకంలో అంకె ఉంది, నిజమే. కానీ అది బడి పిల్లల గురించి కాదు. ఆఫీసుల్లో ధగధగా వెలిగే దీపాల కింద కూర్చుని పనిచేసే గుమాస్తాల గురించి. పెద్దవాళ్లు, జీవితమంతా అక్షరాలతో గడిపినవాళ్లు. ఇప్పుడిప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటూ, మసక వెలుతురు గదిలో కూర్చునే ఆరేళ్ల పిల్లలు కారు. మధ్యలో పేపర్ రాసిన పెద్దమనిషి గుమాస్తాలన్న మాట వదిలేశాడు. మాస్టారు దాన్ని అలాగే ఎత్తి రాశారు.

ఆ పిల్ల ఆ పేజీలు చేత్తో పట్టుకుని మా గది బయట తచ్చాడింది. తాతకి దగ్గులు నేర్పే దాన్నా నేను అనుకుందేమో పాపం. గుమ్మం దాకా వస్తుంది, వెనక్కి పోతుంది. నేను చూస్తూనే ఉన్నాను. చివరికి నేనే లోపలికి రమ్మని గదిమాను. వచ్చి, పేజీలు ఆయన ముందు పెట్టింది. మాస్టారు చదివారు. మళ్లీ చదివారు. బీరువా తీసి తన పాత పేపర్ బయటికి తీశారు. కత్తెర ఆ అమ్మాయి చేతికిచ్చి, ఆ వాక్యం కత్తిరించమన్నారు. ఆ పిల్ల తన వల్ల కాదంది. అప్పుడు ఆయనే కత్తిరించుకున్నారు. ఆ ముక్క పట్టుకుని మూడు ట్రేల వంకా చూశారు. చూసింది కాదు. చదివింది కాదు. పేరు వేసిన పుస్తకం తెరిచే చూడలేదాయె. పోనీ తను అనుకున్నదా? అదీ కాదు. చెయ్యి వదిలేశారు. ముక్క నేల మీద పడింది.

నేను ఆ గదిలోనే ఉన్నానండీ. ఆయన మొహం అలా పాలిపోవడం ఇన్నేళ్లలో చూడలేదు. మంచినీళ్లు ఇస్తే తాగలేదు. 'ఎంతమంది పిల్లలమ్మా' అని ఒక్క మాట అన్నారు. నాకో, ఆ అమ్మాయికో, తనకో తెలియదు.

ఇదిగో, ఇక్కడి వరకే తెలుసు మన మెట్ల మీద మాట్లాడుకునేవాళ్లకి. మాస్టారు తెల్లబోయారు, మాస్టారు నీళ్లు తాగలేదు, మాస్టారు పోయారు. అంతే, కథ అయిపోయింది. ఆ తర్వాత నెల రోజులూ ఏమైందో వాళ్లు చూడలేదు. నేను చూశాను. నేను చెబుతాను, వినండి.

మర్నాడు పొద్దున మాస్టారు నాకన్నా ముందే గదిలో ఉన్నారు. సందేహాన్ని పిలిపించారు. ఆ పిల్ల ముందే ఒక మాట సిద్ధం చేసుకుని వచ్చింది. ఈ సంగతి పేపర్ చివర ఎక్కడో చిన్నగా రాస్తానని, లేకపోతే మొత్తానికే వదిలేస్తానని. మాస్టారు వినలేదు. "మొదటి పేజీలో రాయి. నా పేరు పెట్టి రాయి. మెత్తగా రాశావంటే కత్తెర పెడతాను" అన్నారు. అని, టేపు తీసి జేబులో పెట్టుకున్నారు. పదమ్మా, మళ్లీ కొలుద్దాం, ఈసారి పిల్లల దగ్గర కొలుద్దాం అన్నారు.

ఆ నెలంతా ఇద్దరూ బడుల చుట్టూ తిరిగారు. మోకాళ్ల నొప్పుల మనిషి, చిన్నపిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చునేవారట. మోకాళ్లు గడ్డానికి తగిలేవట. ఒక బడిలో చివరి బెంచీ మీద ఒక బుడతడి పక్కన కూర్చున్నారు. వాడు బోర్డు వంక చూడకుండా చకచకా రాసేస్తున్నాడు. ఎలా రాస్తున్నావురా అని అడిగితే వాడు చెప్పాడు: "నాకు కనబడదు తాతా. పక్కవాడిది చూసి రాసుకుంటా."

ఆ రోజు గదికి వచ్చి, కుర్చీలో కూలబడి మాస్టారు నాతో అన్న మాట మీకు చెప్పి తీరాలి. "వాడూ నేనూ ఒకటే పని చేశాం. వాడు కనబడక పక్కవాడిది చూసి రాశాడు. నేను కళ్లుండీ రాశాను." అలా అని ఊరుకున్నారా? లేదు. ఆ పూటే కొలతలన్నీ ముందేసుకుని కూర్చున్నారు. నా దగ్గరకొచ్చి, లెక్కలు సరిచూడమని ప్రాణం తోడేశారు. నేను ఒకసారి చూస్తే, రెండోసారి చూడమన్నారు. సందేహంతో వాదించేవారు. ఆ పిల్ల ఎదురు వాదించేది. ఆయన ఓడిపోయేవారు. ఓడిపోయినప్పుడల్లా నా వంక చూసి, చూశావా అన్నట్టు కనుబొమలు ఎగరేసేవారు. వాళ్లు వాదించుకుంటుంటే నాకు పని సాగేది కాదు. ఇన్నేళ్లలో ఆయన్ని అంత హుషారుగా ఎప్పుడూ చూడలేదు. ఇది నేను అనుకున్నది కాదు, చూసింది.

ఇప్పుడు మెట్ల మీద మాట్లాడుకున్నవాళ్లని ఒకటి అడుగుతాను. మీరెవరో నాకు తెలుసు, పేర్లు చెప్పను, తలలు దించుకోనక్కర్లేదు. ఆ అమ్మాయి పేపరే ఆయన్ని చంపింది అన్నారు. మీకెలా తెలుసు? చూశారా? ఎక్కడైనా చదివారా? డాక్టరు రాసింది నేను చదివాను, వదిన చూపించింది. గుండె నరాలు మూసుకుపోయి ఏళ్లయిందట. రెండేళ్ల కిందటే పరీక్షలు చేయించుకోమంటే, సెలవుల్లో చూద్దామని వాయిదా వేశారట. మాత్రలు ఇస్తే సొరుగులో దాచి, వేసుకున్నానని వదినతో అబద్ధం ఆడారట. పేపర్లో అబద్ధం పడనివ్వని మనిషి, ఇంట్లో మాత్రల దగ్గర ఆడారు చూడండి. నాకు ఆయన మీద ఎంత కోపంగా ఉందో చెప్పలేను! బతికుంటే ఈ మైకు పెట్టి కొట్టేదాన్ని. కాబట్టి మీ మాట చూసింది కాదు, చదివింది కాదు. అనుకున్నది కూడా కాదు, ఎవరో అంటే విని పక్కవాళ్లకి అందించింది. అలాంటి మాట ఎక్కడ పడుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

ప్రిన్సిపాల్ గారూ, మీతో ఒక మాట. ఏడాది ఆపుదామన్నారు. ఏడాది తర్వాత పంపితే మాస్టారి గౌరవం ఎక్కువవుతుందా? తప్పు మెత్తబడుతుందా? కొత్తగా కట్టబోయే బడి గదుల నమూనా తేల్చడానికి కమిటీ వచ్చే నెల కూర్చుంటోంది. వాళ్ల చేతిలో ఉన్నది మాస్టారి పాత కొలతే. మాస్టారు స్వయంగా ఫోన్ చేసి, ఆ కొలత తప్పు, ఆపండి అని చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. నోటిమాట కుదరదు, పేపర్ వస్తే చూస్తామన్నారు వాళ్లు. అందుకే ఆ మంగళవారం ఆయనకి అంత తొందర. అందుకే ఆ పేపర్ ప్రింటు తీయించడానికి తనే వెళ్లారు. మనం గౌరవమని ఏడాది ఆగితే, ఈలోగా ఆ గదులన్నీ లేచిపోతాయి. ఆ చివరి బెంచీల్లో ఇంకో తరం పిల్లలు కూర్చుని పక్కవాడిది చూసి రాసుకుంటారు. మాస్టారి పేరు కాపాడటానికి ఆ పిల్లల కళ్లు అడ్డం పెడదామా? మీరు మంచివారు. మాస్టారి చేతి కింద పెరిగినవారు. ఈ పేపర్ రేపే వెళ్లాలి. సంతకం పెట్టండి. నేను మీ గదికి వస్తాను, పెట్టేదాకా కదలను, ముందే చెబుతున్నాను.

ఇక నువ్వు. అమ్మాయ్, చివర్న స్తంభం పక్కన నక్కి కూర్చున్నావు, నాకు కనబడటం లేదనుకోకు. చింపేస్తానన్నావు నిన్న. చింపడానికి అది నీ ఒక్కదానిదా? దానిలో సగం కొలతలు ఆయన చేత్తో కొలిచినవి. నువ్వు ఆయనకి తప్పు చూపించావు, అవును. ఆయన నీకు నేర్పిందే అది. ఇన్నేళ్లలో ఎంతమందికో నేర్పారు. వాళ్లలో ఆయన మీదే దాన్ని ప్రయోగించిన దానివి నువ్వొక్కదానివే. అది ఆయనకి దెబ్బ తగిలిందా? తగిలింది. నేను అబద్ధం చెప్పను. కానీ తల్లీ, మనిషికి దెబ్బ తగలడం వేరు, మనిషి చచ్చిపోవడం వేరు. ఆ రెండింటికీ నువ్వు ముడి పెట్టుకుని జీవితమంతా మోస్తానంటే నేను ఒప్పుకోను.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఇది ఈ పొద్దున జరిగింది. నేను వదిన దగ్గరకి వెళ్లి, సభలో ఈ తప్పు సంగతి ఎత్తవచ్చా, ఎత్తకూడదా అని అడిగాను. నీకు బాధ కలిగితే నేను నోరు మూసుకుంటానన్నాను. వదిన చెప్పింది, నెల రోజులుగా ఇంట్లో భోజనం దగ్గర, పడక దగ్గర, ఆయన నోట ఆ పేపర్ మాటేనని. ఈవిడకి అందులో ఒక్క ముక్క అర్థం కాకపోయినా వింటూ ఉండేదట. అచ్చయ్యాక చదివి వినిపిస్తానని మాట ఇచ్చారట ఆయన. అంతా చెప్పి, వదిన నన్ను ఒకటే అడిగింది: "ఆ అమ్మాయి సభకి వస్తుందా? వస్తే ఆ పేజీ తన నోట వినాలని ఉంది."

విన్నావా, అమ్మాయ్? వదిన ఇక్కడికి మా ప్రసంగాలు వినడానికి రాలేదు. భర్త తప్పు చేశాడని నువ్వు రాసిన పేజీ వినడానికి వచ్చింది.

అందరూ లేవండి. వదినా, నువ్వు కూర్చో, నీకు ఓపిక లేదు. నిలబడతానంటావా? సరే, నా చెయ్యి పట్టుకో. మాస్టారి కోసం కాసేపు ఎవరం ఏమీ మాట్లాడొద్దు. ఆ తర్వాత మనమందరం కూర్చుందాం. అమ్మాయ్, నువ్వు మాత్రం కూర్చోకు. కాగితాలు నీ సంచిలోనే ఉన్నాయని నాకు తెలుసు. నిలబడే ఉండి, మొదటి పేజీ చదువు. మెత్తగా చదవకు.

లేవండి. నిశ్శబ్దంగా నిలబడదాం.